ముసుగు వేసుకున్నవాళ్లని పిలవకూడదు

ఆస్పత్రిలో అత్యవసర విభాగం బయట మూడు ఇనప కుర్చీలు. ఒకదాంట్లో కోడలు, ఒకదాంట్లో ఆడపడుచు, మధ్య కుర్చీలో అత్తగారి కళ్లజోడూ పళ్లసెట్టూ వేసిన ప్లాస్టిక్ సంచీ. లోపల అత్తగారికి మాట పడిపోయింది. బయట కోడలు డాక్టరుకి చెప్పిన రెండు ముక్కలూ ఆడపడుచు మళ్లీ అడుగుతోంది.

"మళ్లీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను వదినా? డాక్టరుకి చెప్పాను, సిస్టరుకి చెప్పాను, స్ట్రెచర్ తోసినాయన అడిగితే ఆయనకీ చెప్పాను."

"నాకు చెప్పలేదుగా. అమ్మ ఎన్నింటిదాకా బాగుంది?"

"పొద్దున ఏడింటిదాకా."

"చూశావా?"

"చూడ్డమంటే... అలికిడి విన్నాను. వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు. నేను ప్రార్థనలో ఉన్నాను కదా."

"ప్రార్థనలో."

"అవును. రోజూ కూర్చునే చోటే. వెనక బాల్కనీలో, వాషింగ్ మెషిన్ పక్కన. ఆ ముక్కాలిపీట అత్తయ్యే తెచ్చి వేశారు. 'ఇది నీ గది పిచ్చుకా, అద్దె లేదు' అన్నారు."

"ముసుగు వేసుకునే కూర్చున్నావా?"

"ముసుగు లేకుండా ఎప్పుడైనా కూర్చున్నానా?"

"ఊరికే అడిగాను."

"మీరు ఊరికే ఏదీ అడగరు వదినా. ఇన్నేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు. నన్ను బెంచీ మీద నిలబెట్టినట్టుంది."

"నిలబెట్టలేదు. చెప్పు. ఏడింటికి ఏమైంది?"

"ఆమెన్ అనుకుని లేచాను. ముసుగు తీసి తీగ మీద వేశాను. లోపలికొస్తే అత్తయ్య మంచం పక్కన కింద కూర్చుని ఉన్నారు. కూర్చుని అంటే... గోడకి ఒరిగిపోయి. మూతి ఒక పక్కకి లాగేసింది. నా వంక చూసి ఏదో అన్నారు. మాట కాదు, మాట ముక్క."

"ఏమన్నట్టు అనిపించింది?"

"పిచ్చుకా అన్నట్టే. నన్ను ఇంకేమంటారు? కాపురానికొచ్చిన రోజు నుంచీ అదేగా పేరు. సొంత పేరు నాకే గుర్తుండదు."

"అమ్మ ఫోను ఏది?"

"సంచిలో ఉంది. మంచం కిందకి దొర్లిపోతే ఏరి వేశాను. ఎందుకు?"

"ఎవరికైనా చేసిందేమో చూశావా?"

"దాన్ని ఎలా తెరవాలో నాకు తెలీదు. ఏదో గీత గీస్తారు వేలితో. ఎందుకు వదినా?"

"ఏం లేదు. వదిలెయ్. తమ్ముడికి చెప్పావా?"

"చెప్పాను. లారీ ఏదో కొండదారిలో ఉందట. నేను 'అత్తయ్యకి' అనేలోపు మాట తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవట్లేదు. ఆయన సగం విని స్టీరింగు పట్టుకున్నారేమో అని అదొక భయం."

"నిన్ను ఒక్కసారి కూడా పిలవలేదా అమ్మ? నాలుగడుగుల దూరం లేదు కదా మంచానికీ బాల్కనీకీ."

"అదే నన్ను కోసేస్తోంది వదినా. పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? ఆవిడ పెట్టిన రూలేగా."

"ముసుగు వేసుకున్నవాళ్లని పిలవకూడదు."

"ఇల్లు తగలబడినా సరే."

"ఇల్లు తగలబడినా సరే. మా చిన్నప్పటి నుంచీ అంతే. ఒకసారి అమ్మ ముసుగులో ఉండగా తమ్ముడికి తలుపు సందులో వేలు నలిగింది. వాడు చొక్కా నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు. అమ్మ ఆమెన్ అనగానే అప్పుడు రాగం తీశాడు."

"ఆ గోరు ఇప్పటికీ వంకరే. పిల్లలకి చూపించి నవ్విస్తుంటారు. మా పిల్లలూ అంతే, నేను ముసుగు వేసుకుంటే పిల్లుల్లా నడుస్తారు. నానమ్మ కాపలా మరి. 'మీ అమ్మ దేవుడితో మాట్లాడుతోంది, నోరెత్తారో వీపు పగులుద్ది' అంటారు."

"ఊఁ."

"నేను కూర్చోగానే మెషిన్ కూడా వేస్తారు వదినా. రెండు తువ్వాళ్లున్నా సరే వేస్తారు. కరెంటు దండగ అత్తయ్యా అంటే వినరు. ఆ గుర్రుమనే చప్పుడులో నాకు వీధి వినపడదు, ఇల్లు వినపడదు..."

"ఇవాళా వేసిందా?"

"వేశారు."

"మరి వంటింట్లో గిన్నె చప్పుడు ఎలా వినపడింది?"

"ఈ సంచీ జారిపోతోంది, ఇటు పెడతా ఉండండి."

"అమ్మాయ్."

"ఆగిపోయి ఉంటుంది అప్పటికి. మెషిన్. ఆగాకే విన్నాను. నన్ను ఇలా తవ్వకండి వదినా."

"సరే. తవ్వను. రా, ప్రార్థన చేద్దాం."

"చెయ్యండి."

"నువ్వు చెయ్యి."

"నేనా?"

"రోజూ అంతసేపు చేసేదానివి. నువ్వే చెయ్యి."

"మీరుండగా నేనేంటి వదినా? స్త్రీల కూడిక నడిపేది మీరు. క్వైట్ టైమ్ అని పొద్దున్నే ఏకాంత ప్రార్థన ఎలా చెయ్యాలో పదిమందికి నేర్పేది మీరు. మీరు నోరు తెరిస్తే చర్చిలో ఆడవాళ్లందరికీ కళ్లనీళ్లొస్తాయి."

"ఇవాళ నాకు నోరు పెగలట్లేదు. నువ్వు చెయ్యి."

"నాకు రాదు."

"రాకపోవడమేంటి?"

"రాదు వదినా. దేవుడా అంటే తర్వాత మాట రావట్లేదు. మీరు చెయ్యండి, నేను ఆమెన్ అంటాను."

"ఆమెన్ నేనంటాను. నువ్వు చెయ్యి."

"బావుంది. లోపల ఆవిడ ప్రాణం మీదికొస్తే బయట నువ్వంటే నువ్వని మనం వంతులేసుకుంటున్నాం. అత్తయ్య చూస్తే ఇద్దరి నెత్తినా మొట్టేవారు."

"చూస్తే బావుండు."

"అమ్మా, పెద్దావిడ తాలూకు ఎవరు?"

"మేమే సిస్టర్. నేను కూతుర్ని, ఇది కోడలు. ఎలా ఉందండీ?"

"స్కాన్ అయింది. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది. తలలో రక్తం కారలేదు, అదొక్కటే మంచి మాట. గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇద్దామంటున్నారు డాక్టరుగారు. కోడలుగారూ, మొదలైంది ఏడింటికేనని చెప్పారు కదా?"

"చెప్పాను."

"ఖాయమే కదా?"

"ఎందుకు సిస్టర్ మళ్లీ మళ్లీ అడుగుతారు? ముందొచ్చినా వెనకొచ్చినా జబ్బు జబ్బేగా?"

"అలా కాదమ్మా. మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఆ మందు వెయ్యాలి. దాటాక వేస్తే మందే ప్రాణం తీస్తుంది, తలలో రక్తం కారిపోతుంది. ఏడంటే ఇంకా టైముంది. మందు తీస్తున్నారు లోపల. మీరు అవునంటే ఇక్కడ సంతకం పెట్టండి."

"పెట్టు అమ్మాయ్."

"పెడతాను."

"కాయితం కుర్చీ మీద ఆన్చుకో."

"ఒక్క నిమిషం సిస్టర్."

"నిమిషాలు లేవమ్మా."

"దాటాక వేస్తే... నిజంగా ప్రాణం పోతుందా?"

"పోవచ్చు. అందుకేగా ఇన్నిసార్లు అడిగేది."

"ఏడింటికి కాదు."

"ఏంటి?"

"ఐదో, ఆరో, నాకు తెలీదు సిస్టర్. గిన్నె చప్పుడూ లేదు, ఏమీ లేదు. నేను కల్పించాను. నేను ప్రార్థన చెయ్యలేదు. ముసుగు కప్పుకుని నిద్రపోయాను."

"అమ్మాయ్!"

"నిద్రపోయాను వదినా! చచ్చినట్టు నిద్రపోయాను! లేచేసరికి ఏడు."

"ఆగండి, ఆగండి. ఏడవకండి. ఆవిడని బాగుండగా చివరిసారి ఎప్పుడు చూశారు?"

"తెల్లారకముందు. నాలుగున్నరకి. లేచి మంచినీళ్లడిగితే ఇచ్చాను. 'నువ్వెళ్లి కూర్చో పిచ్చుకా, నేను మెషిన్ వేస్తా' అన్నారు. బాగానే ఉన్నారు. నడిచారు, నవ్వారు."

"నాలుగున్నరంటే... ఇప్పుడు పది. అమ్మో. అయితే ఇవ్వకూడదమ్మా. నేను పోయి ఆపమని చెప్పాలి."

"ఇవ్వకపోతే ఏమవుతుంది సిస్టర్?"

"ఏమీ అవదు. అదే గొడవ. ఉన్నదున్నట్టే ఉండిపోతుంది. మాటా, ఆ కుడిచెయ్యీ, కాలూ."

"వేరే మందు లేదా?"

"ఇక్కడ లేదు. ఆ మధ్యలో ఆవిడని చూసినవాళ్లు గానీ, మాట్లాడినవాళ్లు గానీ ఎవరైనా ఉంటే చెప్పండి. పిల్లలున్నారా ఇంట్లో?"

"వాళ్లూ నిద్రే. నేనే లేపాను ఇద్దర్నీ."

"మరి ఎవరూ లేరా? సరే, ఆలోచించుకోండి. నేను డాక్టరుగారి దగ్గరే ఉంటా, ఏదైనా ఉంటే ఆ తలుపు కొట్టండి."

"తిట్టండి వదినా."

"ఎన్నాళ్లుగా?"

"ఏడాది. బట్టల ఫ్యాక్టరీలో నన్ను రెండో షిఫ్టుకి మార్చిన దగ్గర్నుంచీ. మొత్తం నిలబడే పని వదినా. చొక్కా తర్వాత చొక్కా వస్తూనే ఉంటుంది, వేలాడే దారాలు కత్తిరిస్తూనే ఉండాలి. కళ్లు మూస్తే కూడా దారాలే. ఇంటికొచ్చాక బొత్తాలు కుట్టే మూట ఉంటుంది. మొదట్లో నిజంగానే చేసేదాన్ని. ఆయన పేరు, పిల్లల పేర్లు, మీ పేరు, మీ ఆయన మోకాళ్ల నొప్పులు, అన్నీ చెప్పుకునేదాన్ని. తర్వాత తర్వాత 'తండ్రీ' అనడమే గుర్తుండేది. మెషిన్ ఆగితే మెలకువ వచ్చేది. ఇవాళ అదీ రాలేదు."

"చెప్పొచ్చుగా. నిద్ర చాలట్లేదని."

"ఎవరికి చెప్పను? ఇంటి కోడలు పొద్దెక్కేదాకా పడుకుంటానంటే బావుంటుందా? ప్రార్థన అంటే ఎవరూ ఏమీ అనరు. పైగా మెచ్చుకుంటారు. మొన్న పాస్టరుగారు అందరి ముందూ లేపి నిలబెట్టారు నన్ను, ఈ చెల్లెల్ని చూసి నేర్చుకోండి అని. ముసుగు కింద బుగ్గ మీద, పొద్దున తల వాల్చిన పీట అచ్చు పడి ఉంది అప్పటికి. సిగ్గుతో చచ్చిపోయాను."

"ఊఁ."

"అత్తయ్య అక్కడ కూలిపోయి నన్నే చూస్తూ కూర్చున్నారు వదినా. కోడలు దేవుడితో మాట్లాడుతోంది, పిలవకూడదు అనుకుంటూ. నోట మాట పోతున్నా పిలవకుండా. నేనేమో గురక పెడుతున్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని పడుకున్నాను. ఆయన ఊరుకుంటాడా?"

"అలా అనకు."

"అనకపోతే? ఇందాక అడిగారుగా, ప్రార్థన ఎందుకు రాదని. ఏ మొహంతో అడగను? ఏడాదిపాటు కూర్చున్న చోటల్లా నిద్రపోయి, ఇవాళ అవసరం పడిందని మేలుకుంటే? నేను ఆ సంతకం పెట్టేసుంటే నా చేతులతో నేనే చంపేదాన్ని ఆవిడని. పెట్టనందుకు బతికినన్నాళ్లూ మాట లేకుండా పడుంటారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది ఇదే. తిట్టండి వదినా. కొట్టండి. మీ అమ్మ కదా!"

"తిట్టను."

"ఎందుకు తిట్టరు? కూర చప్పగా ఉంటేనే గంటసేపు తిడతారు మీరు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఒక్క గట్టి మాట లేదు. ఆ ఫోను ఒళ్లో బోర్లించుకుని, అది ఎగిరిపోతుందన్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు."

"నువ్వు ఏడని చెప్తే నాకు ప్రాణం లేచొచ్చింది అమ్మాయ్."

"అదేంటి?"

"ఏడింటిదాకా అమ్మ బాగుందంటే, గిన్నెలు సర్దుకుంటోందంటే... ఆరుంబావుకి బాగున్నట్టే కదా. నాకు వినపడింది ఏమీ కాదన్నట్టే కదా."

"ఆరుంబావుకి మీకేం వినపడింది?"

"అందుకే గుచ్చి గుచ్చి అడిగాను. ఖాయమేనా, చూశావా, గిన్నె చప్పుడేనా అని. నువ్వు అవునంటావనే అడిగాను. నువ్వు అవునంటే తప్పు నాది కాదని."

"వదినా, ఆరుంబావుకి ఏంటి?"

"ఫోన్ చేసింది."

"ఎవరు? అత్తయ్యా? మీకా? మీరు మాట్లాడారా?"

"మాట్లాడాను."

"మాట్లాడి ఇందాకట్నుంచీ... లేవండి! లేవండి వదినా, తలుపు కొట్టండి! సిస్టర్! సిస్టర్!"

"ఏమైందమ్మా?"

"మా వదిన మాట్లాడారు. ఆరుంబావుకి. ఫోన్లో. చూపించండి వదినా, తిప్పండి దాన్ని!"

"ఇదిగోండి. టైము ఇక్కడ ఉంది. మొదట్లో శుభ్రంగా మాట్లాడింది సిస్టర్, ఎప్పట్లాగే, నన్ను వెక్కిరించింది కూడా. ఇప్పుడే కుడిచెయ్యి నాది కానట్టయిందే అంది. ఆఖర్న మాట ముద్దముద్దగా వచ్చింది."

"అయితే అప్పుడే మొదలు. ఆరుంబావు... ఇంకా కాస్త టైముంది. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదమ్మా? సరే, ఆ ఫోను ఇలా ఇవ్వండి, డాక్టరుగారికి చూపిస్తా. సంతకం పెట్టి ఉంచండి."

"ఇస్తారా సిస్టర్? మాట వస్తుందా?"

"ఇవ్వాలో వద్దో ఆయన చెప్పాలి. ఇచ్చినా అందరికీ పని చెయ్యదు. పొద్దున్నే తెచ్చుంటే వేరు. నేను మాట ఇవ్వలేనమ్మా, వెళ్తా."

"కూర్చోండి వదినా. పడిపోతారు."

"నేను పెట్టేశాను అమ్మాయ్."

"సంతకమా? ఇటివ్వండి, నేను పెడతా."

"ఫోను. ఫోను పెట్టేశాను. 'అమ్మా, ప్రార్థనలో ఉన్నాను, అయ్యాక చేస్తా, వేడినీళ్లు తాగి పడుకో' అన్నాను. ముసుగు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మరీ అన్నాను."

"అయ్యాక చెయ్యలేదా?"

"చేశాను. ఎత్తలేదు. ప్రార్థనకి కూర్చుందేమోలే అనుకుని స్కూలుకి బయల్దేరాను. బస్సెక్కాను. నువ్వు చేసేదాకా మళ్లీ గుర్తే రాలేదు. నువ్వు నిద్రన్నా పోయావు. నేను నిజంగానే ప్రార్థన చేస్తున్నాను అమ్మాయ్. అప్పుడు చేస్తున్నది అమ్మ ఆరోగ్యం కోసమే."

"అయ్యో వదినా."

"ఏ దేవుణ్ణయితే అడుగుతున్నానో ఆయనే ఫోన్ చేయిస్తే కట్ చేశాను."

"ఏడవకండి. మీకేం తెలుసు? నాలుగడుగుల్లో ఉన్నదాన్ని నేనే... అసలు నన్ను లేపకుండా మీకెందుకు చేశారు వదినా? చెయ్యి లాగేస్తుంటే, ఆ వంకర గీత గీసి, మీ నంబరు వెతుక్కుని... ఒక్క కేక వేస్తే సరిపోయేదిగా! ఒక్కటంటే ఒక్క కేక! రూలు కోసమా? ప్రాణం పోతున్నా రూలేనా?"

"నేనూ అదే అడిగాను. పిచ్చుకని పిలువమ్మా అన్నాను. ముసుగులో ఉందే అంది."

"చూశారా? అనుకున్నాను. నేను ప్రార్థనలో ఉన్నాననుకుని..."

"నాకు ఒళ్లు మండింది. 'నేను మాత్రం ముసుగులో లేనా? ముసుగు వేసుకున్నవాళ్లని పిలవకూడదని నేర్పింది నువ్వే కదా? దాన్ని పిలవకూడదు గానీ నన్ను పిలవొచ్చా?' అన్నాను."

"అంటే? అత్తయ్యేమన్నారు?"

"నవ్వింది. ఆ నవ్వులోనే నాలుక మడత పడింది. 'నువ్వు ప్రార్థన చేస్తున్నావే, నిన్ను పిలిస్తే దేవుడేమీ అనుకోడు. అది ఏడాదిగా ఆ ముసుగు కింద నిద్రపోతోంది. నిద్రపోయేదాన్ని ఎలా లేపనే?' అంది."